డెన్వర్ ఎయిర్‌పోర్ట్ నుంచి బ్రెకెన్‌రిడ్జ్‌కి ప్రైవేట్ షటిల్: పెద్దవాళ్లు, పిల్లలతో వెళ్తుంటే ఆ డబ్బు పెట్టొచ్చా?

నమస్తే అండీ. డిసెంబర్ దగ్గరపడిందంటే డాలస్‌లో తెలుగువాళ్ల ఇళ్లల్లో ఒకటే మాట, పిల్లలకి మంచు చూపించాలి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్లకీ చూపించాలి. రెండు గంటల ఫ్లైట్‌లో డెన్వర్, అక్కడి నుంచి కొండల్లో ఉన్న బ్రెకెన్‌రిడ్జ్ అనే స్కీయింగ్ ఊరు. టికెట్లు, కాండో అందరూ సులువుగానే బుక్ చేసేస్తారు. డెన్వర్‌లో దిగాక కొండ ఎక్కడం ఎలా అన్న దగ్గరే ఆగిపోతారు. మేం ఆరుగురం, అమ్మ, నాన్న, మేమిద్దరం, ఏడేళ్ల బాబు, ఏడాదిన్నర పాప, ప్రైవేట్ షటిల్ మాట్లాడుకుని వెళ్లొచ్చాం. ఈ వీడియో దాని రివ్యూ.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీతో పెద్దవాళ్లో చంటిపిల్లలో ఉంటే ప్రైవేట్ బండే తీసుకోండి. లెదర్ సీట్ల కోసమో వైఫై కోసమో చెప్పడం లేదు. అడిగిన చోట ఆగుతుంది, అందుకు. ఇద్దరు కుర్రాళ్లు చెరో బ్యాగ్‌తో వెళ్తుంటే మాత్రం అంత ఖర్చు అక్కర్లేదు, వేరేవాళ్లతో కలిసి వెళ్లే షేర్డ్ షటిలో బస్సో చాలు.

కంపెనీ పేరు చెప్పడం లేదు. నచ్చనివి కూడా చెప్పబోతున్నాను కాబట్టి, ఒక్క ప్రయాణం చూసి ఒకళ్ల మీద ముద్ర వేయడం న్యాయం కాదు. ఈ వీడియోకి ఎవరూ డబ్బివ్వలేదు, ఛార్జీ మొత్తం మేమే కట్టుకున్నాం.

ముందు రోడ్డు సంగతి. ఇది తెలియకపోతే బుకింగ్‌లో ఏం అడగాలో తెలియదు. ఎయిర్‌పోర్ట్ నుంచి బ్రెకెన్‌రిడ్జ్ సుమారు 100 మైళ్లు. రోడ్డు పొడిగా, ఖాళీగా ఉంటే రెండు గంటల పైచిలుకు. శనివారం ఉదయం బయల్దేరితే మాత్రం ఆ లెక్క మర్చిపోండి. డెన్వర్ ఊరంతా స్కీయింగ్‌కని మనం వెళ్లే ఐ-70 హైవేనే ఎక్కుతుంది, ఆదివారం మధ్యాహ్నం నుంచి అందరూ అదే దారిలో దిగుతారు. కొండల్లోకి ఇంకో పెద్ద రోడ్డు లేదు. దానికి తోడు ఆ దారిలో ఫ్లాయిడ్ హిల్ అనే చోట 2023లో మొదలుపెట్టిన భారీ రోడ్డు పనులు. అందుకే వీలైతే మంగళవారమో బుధవారమో వెళ్లేలా ప్లాన్ చేసుకోండి. ఛార్జీ ఎంతైనా, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఏ బండైనా ఒకటే.

ఇప్పుడు స్క్రీన్ మీద చూస్తున్నది ఇదే హైవే మీద ఉన్న ఐసెన్‌హోవర్ టన్నెల్. పొడవు 1.7 మైళ్లు, ఎత్తు 11,000 అడుగుల పైన. మొదటి సొరంగం 1973లో తెరిచారు, తిరుగు దారిలో వచ్చే జాన్సన్ సొరంగం 1979లో. దాని పైన ఉన్న గట్టుకి ఒకవైపు పడ్డ నీళ్లు పసిఫిక్ వైపు, రెండోవైపు పడ్డ నీళ్లు అట్లాంటిక్ వైపు పారతాయి. ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైన నాన్నకి ఈ మాట చెప్పేసరికి నిద్రమత్తు మొత్తం వదిలిపోయింది. టన్నెల్ దాటేదాకా డ్రైవర్‌ని ప్రశ్నలు అడుగుతూనే ఉన్నారు. పాపం ఆయన కూడా ఓపిగ్గా చెప్పాడు.

ఇక ఎత్తు. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే షటిల్ ఏ రోజుకి బుక్ చేయాలన్నది దీన్ని బట్టే ఉంటుంది. మన తూర్పు కనుమల్లో ఎత్తైన శిఖరాల్లో ఒకటైన అర్మకొండ సుమారు 1,680 మీటర్లు. డెన్వర్ ఎయిర్‌పోర్ట్ 1,655 మీటర్లు. అంటే విమానం దిగేసరికే మనం దాదాపు అర్మకొండ శిఖరం మీద ఉన్నట్టు. బ్రెకెన్‌రిడ్జ్ ఊరు 9,600 అడుగులు, 2,900 మీటర్లు దాటింది. మంచు చూడటానికి కొండపైకి వెళ్లే స్కీ లిఫ్ట్ ఎక్కితే ఇంకా పైకి. అంత ఎత్తులో తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం చాలామందికి వస్తాయి. ఎంత ఆరోగ్యంగా ఉన్నా రావచ్చు. తక్కువ ఎత్తు నుంచి వచ్చినవాళ్లు ఒకే రోజులో 9,000 అడుగులు దాటి అక్కడే పడుకోకుండా ఉంటే మంచిదని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. డాలస్ నుంచి ఉదయం ఫ్లైట్‌లో వచ్చి, సాయంత్రానికి బ్రెకెన్‌రిడ్జ్ కాండోలో పడుకుంటే సరిగ్గా ఆ వద్దన్న పనే చేసినట్టు.

అందుకే మేం మొదటి రాత్రి ఎయిర్‌పోర్ట్ దగ్గర హోటల్లో పడుకుని, షటిల్ మర్నాడు పొద్దున్నకి పెట్టుకున్నాం. బుక్ చేసేముందు హోటల్ నుంచి ఎక్కించుకుంటారా, దానికి వేరే ఛార్జీ ఉందా అని అడిగితే అదే రేటుకి వస్తామన్నారు. మీరూ ఇది తప్పకుండా అడగండి. బీపీకో గుండెకో మందులు వాడే పెద్దవాళ్లు ఉంటే టికెట్లు కొనకముందే డాక్టర్‌తో మాట్లాడండి. ఎత్తుకి వేసుకునే మాత్రలు ఉన్నాయి, కానీ అవి అందరికీ పడవు, ఎవరో చెప్పారని వేసుకోవద్దు.

సరే, ఆగడం సంగతి. మా అమ్మకి కొండ రోడ్డంటే వాంతులు. అరకు వెళ్లినా శ్రీశైలం వెళ్లినా చేతిలో నిమ్మకాయ ఉండాల్సిందే. ఐ-70 మన ఘాట్ రోడ్డులా అంత వంకర్లు తిరగదు, కానీ ఎక్కడం, దిగడం బాగానే ఉంటుంది, చెవులు దిబ్బడ పడతాయి. దారిలో ఐడహో స్ప్రింగ్స్ అనే ఊరు వచ్చేసరికి అమ్మ ముఖం మారిపోయింది. డ్రైవర్ అద్దంలో చూసి ఆయనే అడిగాడు, ఆపమంటారా అని. ఎగ్జిట్ తీసుకుని పెట్రోల్ బంక్ దగ్గర ఆపాడు. అమ్మ దిగి, కాస్త నడిచి, నీళ్లు తాగి తేరుకుంది. పాప డైపర్ మార్చాం. అక్కడ ఎవరూ గడియారం చూడలేదు. షేర్డ్ షటిల్ అయితే వెనక సీట్లలో ఇంకో కుటుంబం ఉంటుంది, వాళ్లకీ చెక్ఇన్ టైమ్ ఉంటుంది. అప్పుడు మన పెద్దవాళ్లు ఏం చేస్తారో మీకు తెలుసు. నోరు తెరిచి ఆపమని అడగరు, ఓర్చుకుంటారు. నేను ప్రైవేట్ బండి తీసుకోమనేది అందుకే.

ఒకటి గుర్తుంచుకోండి. మంచు కాలంలో ఈ హైవే పక్కన ఎక్కడంటే అక్కడ ఆపడం ప్రమాదం, ఏ మంచి డ్రైవరూ ఆపడు. ఎగ్జిట్ దగ్గరే ఆపాలి. కాబట్టి ఐడహో స్ప్రింగ్స్, జార్జ్‌టౌన్, టన్నెల్ దాటాక సిల్వర్‌థార్న్, ఫ్రిస్కో, ఈ పేర్లు గుర్తు పెట్టుకుని ఎక్కగానే డ్రైవర్‌తో మాట్లాడుకోండి. ఈ ఫ్రిస్కో కొలరాడోలోది, మన డాలస్ ఫ్రిస్కో కాదు. అక్కడ పెద్ద సూపర్ మార్కెట్లు ఉన్నాయి. పాలు, పెరుగు, కూరగాయలు అక్కడే కొనుక్కున్నాం. కొన్ని కంపెనీలు సరుకుల కోసం ఆపితే విడిగా తీసుకుంటాయి, ఎంతసేపు ఆగుతారో కూడా లెక్క ఉంటుంది. మాకు ఒక స్టాప్ రేటులోనే కలిసి ఉంది. అన్నట్టు, బ్రెకెన్‌రిడ్జ్ ఎత్తులో నీళ్లు సుమారు 90 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో పప్పు పెడితే ఎంతకీ ఉడకదు. చిన్న ప్రెషర్ కుక్కర్ సూట్‌కేసులో పెట్టుకోండి.

డబ్బు దగ్గరికి వద్దాం. షేర్డ్ షటిల్‌కి తలా ఇంత అని ఉంటుంది, ప్రైవేట్‌కి బండి మొత్తానికి ఒకే రేటు. సీజన్‌ని బట్టి రేట్లు బాగా మారతాయి కాబట్టి మా బిల్లు చెప్పడం వల్ల మీకు ఉపయోగం లేదు, లెక్క ఎలా వేయాలో చెప్తాను. షేర్డ్‌లో సీటు 90 డాలర్లు అనుకుందాం. ఆరుగురికి 540. ఇద్దరికి 180. ప్రైవేట్ బండి 550 అంటున్నారనుకోండి, ఆరుగురికి తేడా దాదాపు లేనట్టే, ఇద్దరికి మూడింతలు. ఇక్కడితో ఆగకండి. ప్రైవేట్ రేటు మీద ఫ్యూయల్ ఛార్జ్, ఎయిర్‌పోర్ట్ ఫీజు, టిప్ కలుస్తాయి. టిప్ మామూలుగా 15 నుంచి 20 శాతం ఇస్తారు. నాకు నచ్చని మొదటి విషయం ఇక్కడే. మొదటి పేజీలో చూపించిన రేటుకి 20 శాతం టిప్ చివరి పేజీలో దానంతటదే చేరింది, అదీ చిన్న అక్షరాల్లో. డ్రైవర్‌కి ఇవ్వడానికి నాకు బాధ లేదు, ఆయన దానికి పూర్తిగా అర్హుడు. కానీ మొదటే చూపించాలి. బిల్లులో టిప్ ఉందని తెలియక దిగేటప్పుడు మళ్లీ చేతిలో పెట్టేవాళ్లు చాలామంది ఉంటారు. కార్డ్ నొక్కేముందు ఆ చివరి పేజీ స్క్రీన్‌షాట్ తీసుకోండి.

రెండోది, పిల్లల సీటు. ఇది నాకు నిజంగా కోపం తెప్పించింది. పాప వయసు, బరువు రాసి, వెనక్కి తిరిగి ఉండే సీటు కావాలని ఫారంలో స్పష్టంగా పెట్టాం. వచ్చినది ముందుకి తిరిగి ఉండేది. డ్రైవర్ తప్పు కాదు, ఆఫీసులో ఏది ఎక్కిస్తే అదే తెచ్చాడు. అయినా మంచు రోడ్డు మీద, ఏడాదిన్నర పిల్లతో ఈ విషయంలో సర్దుకోవడం కుదరదు. సీటు మార్చి తెచ్చేదాకా మేం కదల్లేదు, చాలాసేపు పట్టింది. మీకు చెప్పేదేంటంటే, వీలైతే ఇంట్లో వాడే సీటే తీసుకెళ్లండి. అమెరికాలో పెద్ద ఎయిర్‌లైన్స్ కార్ సీట్‌కి చెక్ఇన్ డబ్బు తీసుకోవు. మన సీటు మనకి బిగించడం వచ్చు, పాపకీ అలవాటే.

మూడోది, విమానం ఆలస్యమైతే? మాకు ఆ ఇబ్బంది రాలేదు గానీ మా తోడల్లుడి వాళ్లకి వచ్చింది. వాళ్లు వేరే కంపెనీలో నేరుగా ఎయిర్‌పోర్ట్ నుంచే బుక్ చేశారు. ఫ్లైట్ లేటైంది, బండి వేచి ఉంది, చివర్లో గంటల లెక్కన వెయిటింగ్ ఛార్జ్ వేశారు. ఫ్లైట్ నంబర్ తీసుకున్నారు కదా అంటే, ట్రాక్ చేస్తాం కానీ వెయిటింగ్ ఫ్రీ అని చెప్పలేదన్నారు. కాబట్టి ఎంతసేపు ఉచితంగా ఆగుతారు, ఆ గడియారం విమానం దిగిన దగ్గర నుంచా, టికెట్‌లో ఉన్న టైమ్ నుంచా అని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. డెన్వర్‌లో గేట్ నుంచి బయటికి రావడానికే టైమ్ పడుతుంది. భూగర్భ రైలెక్కి మెయిన్ టెర్మినల్‌కి రావాలి, లగేజ్ తీసుకోవాలి, వీల్‌చైర్ ఉంటే ఇంకా ఆలస్యం. షటిళ్లు ఎక్కేది లెవెల్ 5 బయట. తూర్పు వైపా, పడమర వైపా అని ముందే మెసేజ్ పెట్టించుకోండి. చలిలో పెద్దవాళ్లని రెండు వైపులా తిప్పే పని ఉండదు.

మంచు పడి రోడ్డు మూసేస్తే ఏం చేస్తారో కూడా అడగండి. ఐ-70 మీద డాట్సెరో నుంచి మోరిసన్ దాకా సెప్టెంబర్ 1 నుంచి మే 31 వరకు ట్రాక్షన్ లా ఉంటుంది. సరైన టైర్లో, చైన్లో, తత్సమానమైనదేదో బండిలో ఉండాలి. మాకు వచ్చిన ఎస్‌యూవీకి వింటర్ టైర్లు ఉన్నాయి, నేను దిగి చూసి మరీ ఎక్కాను. ఇక్కడ బండ్లు నడిపే కంపెనీకి కొలరాడో పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్ అనుమతి ఉండాలి. ఆ నంబర్ అడగండి. వాట్సాప్ గ్రూపుల్లో ఎవరో తమ సొంత వ్యాన్‌లో చవగ్గా తీసుకెళ్తామంటే వెళ్లకండి. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది పడతారు.

తక్కువ ఖర్చులో వెళ్లాలనుకునే కుర్రాళ్లకి ఒక దారి. ఎయిర్‌పోర్ట్ నుంచి ఏ-లైన్ రైల్లో డెన్వర్ ఊళ్లోని యూనియన్ స్టేషన్, అక్కడి నుంచి రాష్ట్ర రవాణా శాఖ నడిపే బస్టాంగ్ బస్సులో ఫ్రిస్కో, ఫ్రిస్కో నుంచి బ్రెకెన్‌రిడ్జ్‌కి సమ్మిట్ స్టేజ్ బస్సు ఉచితం. ఊళ్లో తిరగడానికి కూడా ఉచిత బస్సులున్నాయి కాబట్టి పైన కారు లేదని దిగులు పడక్కర్లేదు. మేం అక్కడ ఉన్నన్నాళ్లూ వాటిలోనే తిరిగాం.

చివరిగా, తిరుగు ప్రయాణం. రిటర్న్ కూడా వెళ్లేటప్పుడే బుక్ చేసుకోండి. ఎయిర్‌పోర్ట్‌లో ఉబర్ దొరికింది కదా, కొండ మీద కూడా దొరుకుతుందిలే అనుకోవద్దు. తెల్లవారుజామున ఆరుగురికీ, లగేజ్‌కీ సరిపడే బండి అక్కడ దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. కంపెనీ వాళ్లు మా ఫ్లైట్‌కి ఐదు గంటల ముందు కాండో దగ్గరికి వస్తామన్నారు. నాన్నకి అది మరీ ఎక్కువ అనిపించింది. కానీ దిగే దారిలో ఒక చోట యాక్సిడెంట్ జరిగి, బండ్లన్నీ నత్తనడక నడిచాయి. ఇదిగో ఈ క్లిప్‌లో కనిపిస్తున్న లైట్లన్నీ మా ముందున్న బండ్లవే. అయినా ఎవరూ టెన్షన్ పడలేదు, పిల్లలు నిద్రపోయారు, విమానానికి టైమ్‌కే చేరాం. వాళ్లు చెప్పిన టైమ్‌ని తగ్గించమని అడగకండి. మీరు వెళ్లే తేదీ, ఎంతమంది, పిల్లల వయసు కామెంట్‌లో రాయండి, మీకు షేర్డ్ సరిపోతుందో ప్రైవేట్ కావాలో నాకు తోచింది చెప్తాను.