వాము వాసన వచ్చే నేల

నమస్కారం. ఈ పూట ఒక ఎర్ర వైన్ గురించి చెబుతాను. తాగనివాళ్లూ వినండి, ఇది ఎక్కువగా నేల కథ.

దక్షిణ ఫ్రాన్స్‌లో, రోన్ నదికి దగ్గర్లో, ఆవిన్యోన్ పట్నం పక్కన ఒక చిన్న ఊరుంది. పేరు షాటోనఫ్ ద్యు పాప్, అంటే పోప్ గారి కొత్త కోట. నేను చెప్పే వైన్ పేరూ అదే. 14వ శతాబ్దంలో పోప్‌లు రోమ్ వదిలి ఆవిన్యోన్‌లో ఉన్న రోజుల్లో అక్కడ ఒక కోట కట్టించుకున్నారు, ఊరికి ఆ పేరు అలా వచ్చింది. చరిత్ర అంతవరకు చాలు, నాకు ఇష్టమైన ముచ్చట 1923 నాటిది.

అప్పట్లో ఎక్కడెక్కడి సరుకుకో ఈ ఊరి పేరు అంటించి అమ్మేస్తున్నారు. రైతులు విసిగిపోయి బారన్ ల ర్వా అనే ఆయన దగ్గరికి వెళ్లారు. ఆయన లా చదివాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నడిపాడు, ఇక్కడి తోటల ఇంటికి అల్లుడై వచ్చి స్థిరపడ్డాడు. సాయం చేస్తాను, కానీ ముందు మీరు నిజాయితీగా ఉండాలి అన్నాడట. ముందు మీరు! నాకు ఆ మాట చాలా నచ్చింది.

మరి ఏ పొలం అసలైనది, ఏది కాదు? ఆయన పెట్టిన గుర్తు చూడండి. థైమ్, లావెండర్, ఈ రెండు మొక్కలూ మొలిచే నేల అయితేనే ఆ పేరుకు తగినది. థైమ్ ఆకు నలిపితే మన వాము వాసనే వస్తుంది, రెండింట్లోనూ ఆ వాసననిచ్చేది థైమాల్ అనే పదార్థమే. నీళ్లు నిలవని బీద నేలలో బతికే మొక్కలవి. ద్రాక్షకు కూడా అలాంటి నేలే కావాలి, బాగా బలమైన నేలలో కాయ ఎక్కువ కాసి రసం పలచబడిపోతుంది. చివరికి 1936లో ఆ ఊరి పేరుకు చట్టం రక్షణ వచ్చింది. 2017లో మన బంగినపల్లి మామిడికి జీఐ ట్యాగ్ వచ్చింది కదా, ఆలోచన అదే.

ఆ తోటల్లో చాలాచోట్ల మట్టే కనబడదు, పొత్రాలంత నున్నటి గుండ్రాళ్లు, పగలంతా ఎండ తాగి రాత్రి తీగకు వెచ్చదనం ఇస్తాయి. పైగా మిస్ట్రాల్ అని ఉత్తరపు గాలి, వాన పడ్డాక గుత్తుల్ని ఆరబెట్టేస్తుంది కాబట్టి కుళ్లు తక్కువ.

ఇక కలపడం. ఈ వైన్‌ను మామూలుగా కొన్ని ద్రాక్ష రకాలు కలిపి చేస్తారు. గ్రెనాష్ అనే రకం పండులో తీపి ఎక్కువ, కానీ రంగు పలచన. సిరా ముదురు రంగూ మిరియాల ఘాటూ తెస్తుంది. మూర్‌వెద్ర్ ఆలస్యంగా పండుతుంది, వగరు దానిది, నేరేడు పండు తిన్నాక నాలుక పట్టేసినట్టుంటుందే, ఆ వగరు. ఒకదానికి లేనిది ఇంకొకటి ఇస్తుంది. అంత తియ్యటి పండ్లతో చేసినా ఇది డ్రై వైనే. డ్రై అంటే తీపి మిగలనిది, చక్కెరంతా పులిసి ఆల్కహాల్ అయిపోయిందన్నమాట. 14 శాతం దాటడం మామూలే, అందుకే కొంచెమే పోసుకోవాలి.

చివరగా ఒక్క పని చెబుతాను. ఎర్ర వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలంటారు. ఆ రూమ్ పాతకాలపు ఫ్రెంచి ఇంటి చల్లటి గది, మే నెలలో విజయవాడ హాలు కాదు! 35 డిగ్రీల్లో ఈ వైన్ పోస్తే ఆల్కహాల్ ఘాటు తప్ప ఇంకేమీ తెలియదు. 16 నుంచి 18 డిగ్రీలు దానికి సరిపోతుంది. అందుకని ముందే ఫ్రిజ్‌లో పెట్టండి, మన ఎండల్లో రెండు మూడు గంటలైనా, ఆ తర్వాతే మూత తీయండి.