ఎంసీబీ ఎంతసేపటికి పడింది?

శ్రోతలకు నమస్కారం.

మే నెలలో మన విశాఖ ఉక్క ఎలాంటిదో మీకు చెప్పక్కర్లేదు. ఒళ్లంతా జిడ్డు, ఆరని చెమట. అలాంటి రాత్రి కాస్త కునుకు పట్టిందో లేదో, టక్కుమని ఏసీ ఎంసీబీ, అదే కరెంటు ఎక్కువైతే తనంతట తానే ఆపేసే స్విచ్, పడిపోతుంది. నిద్రకళ్లతో లేచి పైకెత్తుతాం. మళ్లీ పడుతుంది. విసుక్కుంటూ మళ్లీ ఎత్తుతాం.

అలా ఎత్తే ముందు ఒక్కసారి గడియారం చూడండి. పని తెలిసిన మెకానిక్ మొదట అడిగేది, "వేసిన ఎంతసేపటికి పడుతోందండీ?" అనే.

వేయగానే పడితే షార్ట్ అనుకోవాలి. ఎక్కడో వైరు కాలి ఉండొచ్చు, బయటి యూనిట్‌లో గ్యాస్‌ను నొక్కే కంప్రెసర్‌లోని తీగచుట్ట, అంటే వైండింగే పోయి ఉండొచ్చు. దాన్ని ఇక ముట్టుకోకండి. కాసేపు ఫ్యాను తిరిగి, బయటి యూనిట్ 'మ్‌మ్' అని మూలిగి పడితే, ఇన్వర్టర్ కాని ఏసీల్లో ముందు అనుమానించాల్సింది కెపాసిటర్‌ని, అంటే కంప్రెసర్ తిరగడానికి ఊతమిచ్చే భాగాన్ని. అది నీరసిస్తే కంప్రెసర్ కదల్లేక, మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగేస్తుంది.

అరగంటో గంటో నడిచి పడిందంటే వేడి వల్లే. ఇక్కడే మన సముద్రం ప్రవేశిస్తుంది. లాసన్స్ బే, ఎంవీపీ కాలనీల్లో బీచ్ వైపు బాల్కనీల్లో పెట్టిన యూనిట్లు చూడండి. ఉప్పుగాలికి అల్యూమినియం రేకులు తెల్లగా బూజు పట్టినట్టయి, పొడిపొడిగా రాలిపోతుంటాయి. గాజువాక వైపైతే దుమ్ము అట్టలు కడుతుంది. వేడి బయటికి పోయే దారి లేక కంప్రెసర్ మీద భారం పెరుగుతుంది. పైగా మనం ఆ యూనిట్ ముందే దుప్పట్లు ఆరేస్తాం!

ఒకటిన్నర టన్నుల ఏసీ మామూలుగా లాగేది 7, 8 ఆంపియర్లు. దానికి పెట్టేది 16 లేదా 20 ఆంపియర్ల ఎంసీబీ. అంటే ఏసీ, వైరింగ్ బాగుంటే అది పడాల్సిన పనే లేదు. అందుకే ఎవరైనా "32ది వేసేద్దాం, గొడవ వదిలిపోతుంది" అంటే ఒప్పుకోకండి. ఎంసీబీ ఉన్నది గోడలోని వైరును కాపాడ్డానికి. పెద్దది వేస్తే ఎంసీబీ కంటే ముందు వైరు కాలుతుంది.

మెయిన్ ఆపి ఫిల్టర్ కడుక్కోండి, దుప్పట్లు తీసేయండి. బయటి యూనిట్ మూత మాత్రం విప్పొద్దు. కరెంటు ఆపినా కెపాసిటర్‌లో షాక్ కొట్టేంత నిల్వ ఉండొచ్చు.

మా ఇంట్లోనూ ఓ వేసవిలో గంటకోసారి పడేది. వచ్చినాయన గ్యాస్ తక్కువైందని నింపి డబ్బు తీసుకెళ్లాడు. గ్యాస్ తగ్గితే చల్లదనం తగ్గుతుంది గానీ సాధారణంగా ఎంసీబీ పడదని నాకప్పుడు తెలీదు. రెండోసారి వచ్చిన కుర్రాడు ఏసీ వైపు చూడనైనా లేదు. తిన్నగా ఎంసీబీ మీద వేళ్లు ఆనించి, "కాలిపోతోందండీ" అన్నాడు. లోపల వైరు బిగించే స్క్రూ వదులైంది. ఆ వేడికే ఎంసీబీ పడిపోతోందట. మెయిన్ ఆపి, మాడిన వైరు కొస కత్తిరించి, కొత్త ఎంసీబీ పెట్టి గట్టిగా బిగించాడు. పావుగంట పని.

నమస్కారం.