అలసటకి కొరియా కషాయం

అందరికీ నమస్కారం. పిల్లల్ని ఎత్తుకుని, వంటలు కట్టుకుని ఇంతమంది కొరియాలోని ఈ డేజన్ నగరం దాకా వచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది.

సెలవులకి ఇండియా వెళ్లే ప్రతి ఒక్కరి సూట్‌కేసులోనూ ఒక ఎర్ర డబ్బా ఉంటుంది. హోంగ్‌సామ్, అంటే ఎర్ర జిన్సెంగ్. అత్తగారికి ఒకటి, నాన్నగారికి ఒకటి. "నీరసం తగ్గుతుందంట కదా, ఎంత వాడాలి?" అని నాకు వాట్సాప్‌లో వచ్చే ప్రశ్నలకి లెక్కలేదు. నేను వైద్యురాలిని కాను. ఔషధ మొక్కల రసాయనం మీద ల్యాబ్‌లో పనిచేసేదాన్ని. అయినా ఈ విషయం నా ఇంట్లో జరిగిందే కాబట్టి మాట్లాడడానికి ఒప్పుకున్నాను.

మా అమ్మకి 49 ఏళ్లప్పుడు విపరీతమైన నీరసం మొదలైంది. పొయ్యి దగ్గర నిలబడలేకపోయేది. మేడ మెట్లు సగం ఎక్కి కూర్చుండిపోయేది. నేనప్పటికి ఇక్కడికొచ్చి రెండేళ్లు. జిన్సెంగ్ మీద పేపర్లు చదువుతున్న రోజులు. ఖరీదైన డబ్బా కొని పంపించాను. అది అయిపోగానే ఇంకొకటి. అలా ఎనిమిది నెలలు. ఫోన్ చేసినప్పుడల్లా "కొంచెం పర్లేదమ్మా" అనేది. ఆ కథ చివర్లో చెప్తాను. ముందు కొరియా వైద్యం అలసటని ఎలా చూస్తుందో చెప్పుకుందాం.

మొదటి ఏడాది చలికాలంలో నాకే బాగా నీరసంగా ఉంటే, ల్యాబ్‌లో ఒక అక్క హనీవన్‌కి తీసుకెళ్లింది. హనీవన్ అంటే కొరియా సంప్రదాయ వైద్యుడి క్లినిక్. అక్కడ కూర్చునే హనీసా ఆరేళ్లు యూనివర్సిటీలో చదివి, ప్రభుత్వ లైసెన్సు పరీక్ష రాసినవాడే. 1951 చట్టం నుంచి ఈ దేశంలో వాళ్లకి వైద్యులుగా గుర్తింపు ఉంది. నా రెండు మణికట్ల మీదా మూడేసి వేళ్లు పెట్టి చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. నాలుక చూశాడు. తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టాడు. అలసట పొద్దున్నే ఉంటుందా, సాయంత్రం పెరుగుతుందా? తిన్నాక నిద్ర ముంచుకొస్తుందా? చేతులు, కాళ్లు చల్లబడతాయా? దాహమేస్తే చల్లనీళ్లు కావాలనిపిస్తుందా, వేడినీళ్లా? ఊరికే చెమట పడుతుందా? విరేచనం ఎలా ఉంటుంది? నెలసరి ఎన్ని రోజులు, ఎంత, ఏ రంగు?

నేను సిగ్గుపడుతుంటే ఆ అక్క నాకోసం కొరియన్‌లో గబగబా చెప్పేసింది. ఇరవై నిమిషాల పైనే పట్టింది. మందు రాయడానికి మాత్రం రెండు నిమిషాలు.

వాళ్ల వైద్యంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది ఆ ఇరవై నిమిషాలే. మనం అలసట అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తాం. వాళ్లకి అందులో చాలా రకాలున్నాయి. ఒంట్లో సత్తువ బాగా అరిగిపోయి వచ్చేది హొరో. అతిగా కష్టపడి, వేళకి తినక జీర్ణశక్తి దెబ్బతిని వచ్చేది ఇంకొకటి. రక్తం తక్కువైనది వేరు, వేడి తగ్గినది వేరు. ఏ రకమో తేలకుండా మందు ఇవ్వరు.

ఈ తేడా గుర్తించకపోతే ఏమవుతుందో చెప్పే పాత సంఘటన ఒకటుంది. 1232లో మంగోలులు చైనాలోని కైఫంగ్ నగరాన్ని ముట్టడించారు. ముట్టడి ఎత్తేశాక జనం కుప్పలుగా చనిపోవడం మొదలైంది. వైద్యులు దాన్ని బయటి నుంచి తగిలిన జ్వరంగా భావించి, చెమట పట్టించే మందులూ విరేచనాల మందులూ ఇచ్చారు. ఆ నగరంలోనే ఉన్న లీ డోంగ్‌యువాన్ అనే వైద్యుడు మాత్రం ఇది ఆకలివల్ల, భయంవల్ల, అలసటవల్ల లోపల కూలిపోయిన ఒళ్లు అన్నాడు. మిగిలిన కాస్త బలాన్నీ ఆ మందులే తోడేశాయని తర్వాత రాశాడు. పడిపోయిన జీర్ణశక్తిని పైకి లేపడానికి ఆయన కూర్చిన కషాయమే ఈ రోజుకీ కొరియాలో అలసటకి ఎక్కువగా రాసే మందుల్లో ఒకటి. కొరియన్‌లో దాని పేరు బోజుంగ్ ఇక్కి టాంగ్. నడిమి భాగానికి బలమిచ్చి ప్రాణశక్తిని పెంచే కషాయం అని అర్థం.

అందులో ముఖ్యమైన వేరు హ్వాంగ్గి. జిన్సెంగ్ దానికి తోడు. అతిమధురం, ఎండబెట్టిన కమలా తొక్క, ఇంకో నాలుగు వేర్లు, దుంపలు ఉంటాయి. వాటిలో సిహో, సుంగ్మా అనే రెంటిని చాలా కొంచెం వేస్తారు. జారిపోయిన శక్తిని పైకి లాగుతాయని వాళ్ల నమ్మకం. కమలా తొక్క ఎందుకంటే, బలం మందులన్నీ పొట్టలో బరువుగా కూర్చోకుండా కదిలించడానికి. మన కషాయాల్లో శొంఠి, పిప్పలి చేసే పనే. "శొంఠి లేని కషాయం లేదు" అని మనం అంటామా, కొరియన్లు అచ్చం ఇలాగే, ఎక్కడికెళ్లినా కనిపించే మనిషిని "మందుల కొట్లో అతిమధురం" అంటారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు మా అమ్మమ్మ గుర్తొచ్చింది.

ఈ కషాయాన్నీ ఇలాంటి వందల మందుల్నీ కొరియా ఇంటింటికీ దగ్గర చేసినవాడు హొ జున్. 1592లో జపాన్ దండెత్తి వచ్చింది. ఊళ్లు తగలబడ్డాయి, కరువు, అంటురోగాలు. యుద్ధం ఇంకా ముగియకుండానే, 1596లో రాజు సొన్‌జో ఆయన్ని పిలిచి వైద్య గ్రంథం రాయమన్నాడు. మారుమూల పల్లెల్లో వైద్యుడు దొరక్క జనం చచ్చిపోతున్నారు, మన నేల మీద మొలిచే మందులే మనవాళ్లకి తెలియవు, వాటి పేర్లు అందరికీ తెలిసేలా రాయి అని ఆదేశం. 1608లో రాజు పోతే, కాపాడలేకపోయాడన్న నేరం మోపి హొ జున్‌ని దేశ సరిహద్దుకి పంపేశారు. ఆ ప్రవాసంలోనే పుస్తకం చాలావరకు రాశాడు. 1610లో పూర్తయింది, 1613లో అచ్చయింది. అదే డోంగీ బోగామ్, 25 సంపుటాలు. పుస్తకమంతా చైనా లిపిలో ఉన్నా, వందల మూలికలకి పల్లెజనం పిలిచే పేర్లని కొరియన్ల సొంత లిపి హంగుల్‌లో రాశాడు. 2009లో యునెస్కో దాన్ని ప్రపంచ స్మృతుల జాబితాలో చేర్చింది. పండితుల కోసం కాక, పొలం గట్టు మీద మొక్కని చూసి గుర్తుపట్టాల్సిన మనిషి కోసం రాయడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది.

ఇప్పుడు కషాయం కాచే పద్ధతి. పాతకాలంలో ఒక పూట మందుని కాగితంలో పొట్లం కట్టి ఇచ్చేవాళ్లు. ఆ పొట్లాన్ని చొప్ అంటారు, ఇరవై చొప్‌లు ఒక జే. ఇంట్లో మట్టి కుండలో పోసి, మూతికి హన్‌జి అనే కొరియా సంప్రదాయ కాగితం కట్టి, సన్నని సెగ మీద గంటల తరబడి మరిగించేవాళ్లు. తర్వాత గుడ్డలో వేసి, రెండు కర్రలతో మెలిపెట్టి పిండేవాళ్లు. ఇప్పుడు హనీవన్‌లోనే మెషీన్‌లో కాచి, చిన్న ప్యాకెట్లలో నింపి ఇస్తున్నారు. వేడినీళ్లలో పెట్టి తాగడమే. మూల కత్తిరించగానే తడిమట్టి, చెక్క బెరడు, కొంచెం కారపు తీపి కలిసిన వాసన వస్తుంది. సియోల్‌లో జేగి డోంగ్ మెట్రో స్టేషన్ మెట్లెక్కి బయటికొస్తే ఆ వీధి వీధంతా అదే వాసన.

ఇక మన ఎర్ర డబ్బా సంగతి. ఇక్కడికి దగ్గర్లోనే గుమ్సాన్ ఉంది, చాలామంది వెళ్లే ఉంటారు. నల్లని పరదాల నీడలో పెంచిన జిన్సెంగ్ దుంపని ఆవిరి మీద ఉడికించి ఎండబెడితే ఎర్ర జిన్సెంగ్ అవుతుంది. ఉడికినప్పుడు అందులోని జిన్సెనోసైడ్‌లు అనే రసాయనాలు కొన్ని వేరే రూపాల్లోకి మారతాయి. కాబట్టి పచ్చిదీ ఎర్రదీ రసాయనంగా ఒకటి కావు.

అందరికీ పడుతుందా అంటే, పడదని చెప్పింది కొరియా వైద్యులే. 19వ శతాబ్దంలో లీ జేమా అనే వైద్యుడు మనుషుల్ని నాలుగు శరీర తత్వాలుగా విడదీశాడు. చల్లని ఒళ్లు, అరుగుదల తక్కువ ఉన్నవాళ్లకి జిన్సెంగ్ మంచిదన్నాడు. వేడి ఒళ్లు ఉన్నవాళ్లకి వద్దన్నాడు. మనం "నాకు వేడి చేస్తుంది" అని పచ్చిమామిడి మానేసినట్టే. ఈ నాలుగు తత్వాలూ ఆధునిక పరీక్షల్లో గట్టిగా రుజువైనవి కావు. అయినా ఒకే డబ్బా అందరికీ కాదన్న జాగ్రత్త మాత్రం నాకు నచ్చుతుంది.

మరి పరీక్షల్లో ఏం తేలింది? ఇదే డేజన్‌లో, కారణం తెలియని దీర్ఘకాల అలసట ఉన్న 90 మందికి నాలుగు వారాలు జిన్సెంగ్ సారం గానీ ఉత్తుత్తి మందు గానీ ఇచ్చి చూశారు. 2013లో ఫలితాలు వచ్చాయి. మానసిక అలసట తగ్గింది. అలసట మొత్తం స్కోరు మాత్రం ఉత్తుత్తి మందు కన్నా చెప్పుకోదగ్గంత మెరుగు పడలేదు. తర్వాత హ్వాంగ్గి, డాన్‌సామ్ అనే రెండు వేర్ల సారంతో ఇంకో పరీక్ష జరిగింది. అందరినీ కలిపి చూస్తే తేడా తేలలేదు, లక్షణాలు తీవ్రంగా ఉన్నవాళ్లలో కొంత మేలు కనిపించింది. ఆశ ఉంది, రుజువు ఇంకా చిన్నది. ఇంతకంటే ఎక్కువ చెప్పేవాళ్లని నమ్మకండి.

ఇంకో సంగతి, ఇది గట్టిగా చెప్పాలి. క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్ అని ఒక జబ్బు ఉంది. మామూలు నీరసం కాదు. ఆరు నెలలకి పైగా ఉంటుంది, నిద్రపోయి లేచినా తాజాగా అనిపించదు. ముఖ్యంగా, కాస్త ఎక్కువ పని చేస్తే ఆ రోజో మర్నాడో కుప్పకూలిపోతారు. రోజుల తరబడి లేవలేరు. దాన్ని నయం చేసే మందు ఏ వైద్యంలోనూ ఇంకా లేదు. "బద్ధకం, వాకింగ్ చెయ్యి, అదే పోతుంది" అని ఇంట్లోవాళ్లు అంటారు. రోజురోజుకీ వ్యాయామం పెంచే పద్ధతిని బ్రిటన్ వైద్య మార్గదర్శకాల్లోంచి 2021లోనే తీసేశారు. మీ ఇంట్లో అలాంటి మనిషి ఉంటే ముందు ఆ మనిషి చెప్పే మాట నమ్మండి.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. అతిమధురం ఎక్కువ రోజులు వాడితే ఒంట్లో పొటాషియం తగ్గి బీపీ పెరగొచ్చు. రక్తం పలచబడే వార్ఫరిన్, షుగర్ మందులు వాడేవాళ్లు జిన్సెంగ్ మొదలుపెట్టే ముందు డాక్టర్‌కి చెప్పాలి. గర్భిణులు అడగకుండా వాడకూడదు. "మూలికే కదా, ఏమవుతుంది" అనుకోకండి. పనిచేసే గుణం ఉన్నది ఎక్కడో ఒకచోట ఇబ్బంది కూడా పెడుతుంది.

ఇప్పుడు మా అమ్మ. ఎనిమిది నెలలయ్యాక సెలవు పెట్టి ఊరెళ్లాను. తలుపు తీసిన అమ్మ పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. గోళ్లు చూశాను, అవీ అంతే. ఆ సాయంత్రమే రక్తపరీక్ష చేయించాం. హిమోగ్లోబిన్ 6.8, అంటే రక్తం బాగా తక్కువ. ఏడాదిగా నెలసరి పది, పన్నెండు రోజులు ఆగకుండా అయ్యేదట. గర్భసంచిలో కణితి. నెలసరి సంగతి ఎవరికీ చెప్పలేదు. నాన్నకి చెప్పడానికి సిగ్గు, నాకు చెప్తే దూరాన ఉన్నదానికి టెన్షన్ ఎందుకని.

డబ్బాలు అల్మారాలో వరసగా పేర్చి ఉన్నాయి. కొన్ని తెరవలేదు కూడా. "నువ్వు పంపినవి కదా, దాచుకున్నాను" అంది.

ఆ హనీసా పరిచయం లేని నన్ను ఇరవై నిమిషాల్లో అడిగిన ప్రశ్న, ఎనిమిది నెలల్లో మా అమ్మని నేను ఒక్కసారి అడగలేదు. రోజూ ఫోన్ చేసేదాన్ని. మందు వేసుకున్నావా అని మాత్రమే అడిగేదాన్ని.

ఆపరేషన్ అయింది, ఐరన్ వాడింది, ఇప్పుడు బాగుంది. ఈసారి వెళ్లినప్పుడు డేచు, అంటే ఎండిన పెద్ద రేగుపళ్లు తీసుకెళ్తున్నాను. అమ్మకి వాటి తీపి ఇష్టం.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ఇంట్లోవాళ్ల మందుల చీటీలు, డబ్బాల ఫొటోలు తెచ్చుకున్నవాళ్లు ముందు రండి. కొరియన్‌లో రాసింది నేను చదివి చెప్తాను.