అమ్మ మాట్లాడటం తగ్గించేసిందా? మతిమరుపు అనుకునే ముందు దిగులు సంగతి చూడండి

నమస్తే అండీ. నేరుగా విషయంలోకి వెళ్లిపోదాం.

ఇంట్లో డెబ్బై దాటిన పెద్దావిడ ఉన్నారు. మొన్నటిదాకా సాయంత్రమైతే అపార్ట్‌మెంట్ కింద బెంచీ మీద కూర్చుని పదిమందితో కబుర్లు చెప్పేవారు. ఈమధ్య గది దాటి రావట్లేదు, ఏమడిగినా "ఏమో, గుర్తులేదు" అంటున్నారు, కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తున్నారు. ఇలాంటప్పుడు మన ఇళ్లలో వినపడే మాటలు మీకు తెలుసు: "వయసైపోయింది కదా", లేదంటే "చాదస్తం". ఫోన్‌లో నాలుగు వీడియోలు చూసిన పిల్లలైతే "డిమెన్షియా అయ్యుంటుంది" అని, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి మెల్లగా దెబ్బతినే జబ్బని, వాళ్లే తేల్చేస్తారు. దయచేసి తొందరపడకండి. ఇవే లక్షణాలు డిప్రెషన్‌లోనూ వస్తాయి, డిప్రెషన్‌కి వైద్యం ఉంది. థైరాయిడ్ తగ్గినా, బి12 తక్కువైనా మతిమరుపు వస్తుంది, వాటికీ వైద్యం ఉంది. ఏదీ పరీక్ష చేయించకుండా "ఇంక అంతే" అనుకుని పెద్దవాళ్లని గదిలో వదిలేయడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

పెద్దవాళ్లలో డిప్రెషన్ ఏడుపు రూపంలో కనపడాలని లేదు. "నాకు మనసు బాలేదు" అని మన అమ్మమ్మలు ఎప్పుడన్నారు చెప్పండి? నడుం నొప్పి అంటారు, గుండె దడ అంటారు, అన్నం సహించట్లేదంటారు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోందంటారు. మనం ఆ నొప్పికి ఒక డాక్టరు, ఈ దడకి ఇంకో డాక్టరు అని తిప్పుతాం, రిపోర్టులన్నీ నార్మల్ వస్తాయి, చివరికి నిద్ర మాత్రలు మొదలవుతాయి. ఆ నిద్ర మాత్రల్లో కొన్ని జ్ఞాపకశక్తిని ఇంకా మందగింపజేస్తాయి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే జలుబు, దురద మాత్రల్లోనూ కొన్నింటితో ఇదే సమస్య, పెద్ద వయసులో తికమక పెంచుతాయి.

మరి రెండింటికీ తేడా ఎలా తెలుస్తుంది? డాక్టరు ముందు కూర్చున్నప్పుడు గమనించండి. "పొద్దున ఏం తిన్నారమ్మా?" అని అడిగారనుకోండి. డిప్రెషన్‌లో ఉన్నావిడ చాలాసేపు ఆగుతారు, "తెలీదు నాయనా, నా బుర్ర పనిచేయట్లేదు" అంటారు. తొందరపెట్టకుండా ఇంకోసారి అడిగితే "ఉప్మా" అని మెల్లగా వస్తుంది, అది కరెక్టే అవుతుంది. డిమెన్షియా మొదలైనావిడ చాలాసార్లు వెంటనే పక్కనున్న భర్త వైపు తల తిప్పుతారు, "ఏం తిన్నామండీ?" అని. లేదా ఏమాత్రం తడుముకోకుండా "ఇడ్లీ" అనేస్తారు, ఇంట్లో ఆరోజు ఇడ్లీయే వేసి ఉండరు. తల అలా తిప్పడాన్ని న్యూరాలజిస్టులు ఒక గుర్తుగానే చూస్తారు. ఇంకో తేడా, డిప్రెషన్‌లో "నాకు మతిమరుపు వచ్చేసింది" అని తమకు తామే చెప్పుకుంటారు, డిమెన్షియాలో ఎక్కువగా ఇంట్లోవాళ్లే చెబుతారు, ఆవిడేమో "నాకేం, బాగానే ఉన్నా" అంటారు. డిప్రెషన్ కొన్ని వారాల్లో, నెలల్లో కమ్ముకుంటుంది, డిమెన్షియా ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది. అదే ఒకట్రెండు రోజుల్లో మనిషి హఠాత్తుగా తికమకపడిపోతే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఇన్ఫెక్షన్ కావచ్చు, సోడియం పడిపోయి ఉండొచ్చు, స్ట్రోక్ కూడా కావచ్చు, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.

(స్క్రీన్ మీద: తెల్ల కాగితం, పెన్సిల్‌తో గీసిన గడియారం, ముళ్లు పదకొండూ పది చూపిస్తూ)

ఈ గడియారం పరీక్ష మీరు వినే ఉంటారు. గుండ్రం గీసి, అంకెలు వేసి, పదకొండు దాటి పది నిమిషాలు చూపించమంటారు. చిన్న ముల్లు పదకొండు దగ్గర, పెద్ద ముల్లు రెండు మీద ఉండాలి. డిమెన్షియా ఉన్నవాళ్లలో కొందరు పెద్ద ముల్లుని పది అంకె మీదకే తీసుకెళ్తారు, ఎందుకంటే చెవిన పడింది "పది" కదా. అయితే ఇది ఇంట్లో చేసి మీరే తీర్పు చెప్పేయకండి. జీవితంలో పెన్సిలే పట్టని నాయనమ్మకి ఈ పరీక్ష పెడితే అది ఆవిడ చదువుకి పరీక్ష అవుతుంది, మెదడుకి కాదు. బడికి వెళ్లనివాళ్ల విషయంలో రోజువారీ పనులు ఎలా సాగుతున్నాయో చూడాలి. పాలవాడి లెక్క సరిచూసుకోగలుగుతున్నారా, స్టవ్ ఆపడం గుర్తుంటోందా, తెలిసిన సందులోనే దారి తప్పుతున్నారా, ఇలాంటివి.

ఇక పరిశోధన దగ్గరికొస్తే, మన హైదరాబాద్‌లో జరిగిన ఒక పని గురించి చెప్పకుండా ఉండలేను. పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రిలోని మెమరీ క్లినిక్‌కి వచ్చిన 648 మంది డిమెన్షియా పేషెంట్ల వివరాలను డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం పరిశీలించి 2013లో 'న్యూరాలజీ' పత్రికలో ప్రచురించింది. అందులో 391 మంది రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లు. ఒకే భాష వచ్చినవాళ్ల కంటే వీళ్లలో జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా బయటపడింది. అంతకుముందు 2007లో కెనడాలోని టొరంటోలో ఇలాంటి ఫలితమే వచ్చింది గానీ, అక్కడ రెండు భాషలవాళ్లలో చాలామంది వేరే దేశాల నుంచి వలస వచ్చినవాళ్లు కాబట్టి కారణం భాషా, వలసా అన్న అనుమానం మిగిలిపోయింది. ఇక్కడ ఆ చిక్కు లేదు. ఇంట్లో తెలుగు, బస్సులో హిందీ, బజార్లో ఉర్దూ, అన్నీ ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ల నోట్లోనే. బడి ముఖం చూడనివాళ్లలో కూడా ఈ తేడా కనపడింది, అంటే ఇది చదువు వల్ల వచ్చిందని కొట్టిపారేయలేం. అదే బృందం 2016లో స్ట్రోక్ వచ్చిన 608 మందిని చూస్తే, తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవాళ్లు రెండు భాషలవాళ్లలో దాదాపు 40 శాతం, ఒకే భాషవాళ్లలో దాదాపు 20 శాతం.

రెండు భాషలొస్తే జబ్బే రాదని మాత్రం అనుకోకండి, ఆలస్యమైందని మాత్రమే ఆ లెక్కలు చెబుతున్నాయి. అరవైలో యాప్ పెట్టుకుని ఫ్రెంచి నేర్చుకుంటే ఇదే ఫలితం వస్తుందని కూడా ఈ అధ్యయనం చెప్పలేదు. అక్కడ కనపడింది జీవితమంతా మనుషులతో మాట్లాడుతూ, ఎవరితో ఏ భాషో క్షణంలో మార్చుకుంటూ బతికిన మెదళ్లు. నా మటుకు నాకు ఇక్కడే డిప్రెషన్‌తో లింకు కనపడుతుంది, ఎందుకంటే దిగులు పట్టిన మనిషి ముందు మానేసేది మాటల్నే.

దిగులు వల్ల డిమెన్షియా వస్తుందా, డిమెన్షియా మొదలవుతూ దిగులు తెస్తుందా? రెండోదానికి గట్టి ఆధారం లండన్ నుంచి వచ్చింది. అక్కడి ప్రభుత్వ ఉద్యోగులు పదివేల మందికి పైగా పాల్గొన్న వైట్‌హాల్ 2 అధ్యయనంలో, తర్వాత డిమెన్షియా వచ్చినవాళ్లలో డిప్రెషన్ లక్షణాలు జబ్బు తేలడానికి దాదాపు 11 ఏళ్ల ముందు నుంచే మిగతావాళ్ల కంటే ఎక్కువగా ఉన్నాయని 2017లో తేలింది. నడివయసులో వచ్చిపోయిన దిగులుకి మాత్రం అక్కడ అలాంటి సంబంధం కనపడలేదు. ఇంకోవైపు 'లాన్సెట్' వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో, డిమెన్షియాకి సరిచేసుకోగలిగిన 14 కారణాల లిస్టులో డిప్రెషన్‌ని కూడా పెట్టింది. అన్నింటినీ అరికడితే ప్రపంచంలో 45 శాతం దాకా డిమెన్షియాని ఆపొచ్చు లేదా వాయిదా వేయొచ్చని అంచనా. బీపీ, షుగర్, పొగ, ఒంటరితనం, చూపు, వినికిడి అన్నీ అందులో ఉన్నాయి. మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారని 2023లో వచ్చిన జాతీయ అంచనా, కాబట్టి అందులో ఎంత తగ్గినా చాలా ఇళ్లకి ఊరట.

వినికిడి గురించి ఒక్క మాట. టీవీ సౌండ్ పెంచుతున్నారని విసుక్కుంటాం కదా, వినపడని మనిషి మెల్లగా మాటలోంచి తప్పుకుంటారు, పిలిస్తే పలకట్లేదని మనం మతిమరుపంటాం. 2023లో అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ల వాళ్లు 977 మందితో చేసిన ట్రయల్‌లో, హియరింగ్ ఎయిడ్ వల్ల మొత్తం మీద తేడా రాలేదు గానీ, ముందే డిమెన్షియా ముప్పు ఎక్కువున్న గుంపులో మూడేళ్లలో ఆలోచనాశక్తి తగ్గుదల 48 శాతం నెమ్మదించింది.

ఒక కష్టమైన విషయం కూడా చెప్పాలి. డిమెన్షియా ఖాయమైన తర్వాత వచ్చే డిప్రెషన్‌కి మాత్రలు అంతగా పనిచేయకపోవచ్చు. 2011లో బ్రిటన్‌లో 326 మంది మీద చేసిన ట్రయల్‌లో రెండు మామూలు డిప్రెషన్ మందులూ ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదు. అందుకే రెండూ కలిసి ఉన్నప్పుడు మాత్ర ఒక్కదానితో సరిపెట్టకుండా నడక, పలకరింపు, రోజూ ఒకే వేళకి జరిగే పనులు, వీటిని కూడా వైద్యంలో భాగంగానే చూడాలి. డిప్రెషన్ ఒక్కటే అయితే మందులు, కౌన్సెలింగ్ బాగా పనిచేస్తాయి, కాకపోతే గుణం కనపడటానికి కొన్ని వారాలు పడుతుంది, పది రోజులకే "ఏం లాభం లేదు" అని ఆపేయొద్దు.

సైకియాట్రిస్టు అనగానే మన హైదరాబాద్‌లో "ఎర్రగడ్డకా?" (అక్కడి మానసిక ఆసుపత్రికా అని) అనే మాట ఒకటి పడుతుంది, ఆ భయంతోనే నెలలు గడిపేస్తారు. పెద్దాసుపత్రుల్లో న్యూరాలజీ, సైకియాట్రీ ఓపీలు మామూలు ఓపీల్లాగే నడుస్తాయి. వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, జలుబు మాత్రలతో సహా, ఒక కవర్లో వేసుకెళ్లండి. మార్పు ఎప్పుడు మొదలైందో, ఆ టైమ్‌లో ఇంట్లో ఏం జరిగిందో, ఎవరైనా పోయారా, ఇల్లు మారారా, రాసి పెట్టుకోండి. పెద్దావిడ ముందే "ఈవిడకేం గుర్తుండదు డాక్టర్" అనకండి, ముందు ఆవిడనే మాట్లాడనివ్వండి. డాక్టరు మనసు గురించి అడక్కపోతే మీరే అడగండి, "డిప్రెషన్ ఉందేమో చూస్తారా" అని. ఎక్కడికి వెళ్లాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు, డబ్బులేం కట్టక్కర్లేదు.