పొట్ట చేతపట్టుకుని ఒడ్డుకొచ్చిన తిమింగలాలు

(కాలిఫోర్నియా బే ఏరియాలో ఒక తెలుగు సంఘం మాంటరే యాత్రకు ముందు పెట్టుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల్ని పేరుపేరునా తలుచుకోవడం మర్యాదే. కానీ కార్యదర్శిగారు నాకిచ్చింది ఇరవై నిమిషాలు, అందులో నాలుగు ఈ మైకు మింగేసింది. అందుకని అందరికీ కలిపి ఒకటే నమస్కారం.

నన్ను అడిగింది చిన్న పని. ఆగస్టులో రెండు బస్సుల్లో మాంటరే వెళ్తున్నారు, తిమింగలాలు చూడటానికి. ఏం వేసుకోవాలి, ఏం తినాలి, వాంతులు కాకుండా ఏం చెయ్యాలి, ఇవి చెప్పి కూర్చోమన్నారు. చెబుతాను. అయితే యాత్ర కరపత్రంలో ఒక వాక్యం ఉంది: "ఈ మధ్య తిమింగలాలు ఒడ్డుకి బాగా దగ్గరగా వస్తున్నాయి, ఇదే మంచి తరుణం." నా తగువు ఆ వాక్యంతోనే. ముందు అది తేల్చుకుని, తర్వాత వాంతుల దగ్గరికి వస్తాను.

మాంటరేలో తిమింగలాలు ఎందుకుంటాయో ముందు చూద్దాం. మాస్ లాండింగ్ రేవు ముందు నుంచే సముద్రం అడుగున ఒక లోయ మొదలవుతుంది. పడవలో కొద్ది మైళ్లు పోతే మన కింద వందల మీటర్ల లోతు, ఇంకా పోతే వేల మీటర్లు. వసంతంలో, వేసవిలో వాయవ్యం నుంచి గాలి తీరం వెంబడి గట్టిగా వీస్తుంది. భూమి తిరుగుతూ ఉంటుంది కాబట్టి పైనీరు గాలి వీచే దిక్కుకి కుడిపక్కకి, అంటే సముద్రం లోపలికి జరుగుతుంది. ఆ ఖాళీలోకి అడుగునుంచి చల్లనీరు ఉబికి వస్తుంది. దుక్కి దున్నితే అడుగు మట్టి పైకొచ్చినట్టు, ఆ నీటితో లవణాలు పైకొస్తాయి. వాటి మీద నాచు, నాచు మీద క్రిల్, అంటే రొయ్యల్లాంటి చిన్న జీవులు. ఆ పక్కనే మన నెత్తళ్ల జాతి చేపలు. వీటికోసం ఏప్రిల్ నుంచి నవంబరు దాకా హంప్‌బ్యాక్ తిమింగలాలు వస్తాయి, ఎండాకాలంలో నీలి తిమింగలాలూ వస్తాయి. మనం వెళ్లేది వాటి భోజనాల హాలుకి. వంట చేసేది చల్లనీరు.

ఇప్పుడు 2014కి రండి. ఆ ఏడాది అలాస్కా నుంచి మెక్సికో దాకా పసిఫిక్‌లో ఎక్కడెక్కడో నీరు వేడెక్కింది. కొన్నిచోట్ల మామూలు కంటే మూడు డిగ్రీలు ఎక్కువ. వాషింగ్టన్ రాష్ట్ర వాతావరణ శాస్త్రవేత్త నిక్ బాండ్ దానికి 'బ్లాబ్' అని పేరు పెట్టాడు, ముద్ద అని. ఆ ముద్ద 2016 దాకా కదల్లేదు. తీరమంతా పరుచుకుని ఉండాల్సిన చల్లనీరు ఒడ్డుని అంటిపెట్టుకున్న సన్నటి పట్టీగా మిగిలింది. బయట క్రిల్ కరువు. నెత్తళ్లు ఆ పట్టీలోకి దూరాయి. వాటి వెనకే హంప్‌బ్యాక్‌లు.

అప్పుడు ఒడ్డు మీద ఏం జరిగిందనుకున్నారు? సంబరం! పసిఫికా అనే ఊరి తీరంలో నిలబడి, కాఫీ తాగుతూ తిమింగలాలు చూశారు. గోల్డెన్ గేట్ వంతెన కింద నుంచి అవి శాన్‌ఫ్రాన్సిస్కో బేలోకి కూడా వచ్చాయి. టికెట్లు అమ్మేవాళ్లకి పండగ, ఫొటోలు తీసేవాళ్లకి పండగ. మన ఊళ్లలో పంటలు పోయిన ఏడు పొట్ట చేతపట్టుకుని జనం బస్టాండ్లలో దిగేవాళ్లు. వాళ్లని చూసి "ఊరు కళకళలాడుతోంది" అని ఎవరన్నా అంటారా?

సరే, అసలు కథ పీతలది. దీనికి కొంచెం టైమిస్తారని ఆశ. మీలో చాలామంది నవంబరు చివర థ్యాంక్స్‌గివింగ్‌కి డంజెనెస్ పీతలు తెచ్చుకుని మిరియాల వేపుడు చేస్తారు, నాకు తెలుసు. ఆ పీతల్ని పట్టే బుట్ట ఒక ఇనుప చట్రం. మూడడుగుల వెడల్పు, ముప్పై నలభై కిలోల బరువు, చుట్టూ తీగ అల్లిక. ఎర వేసి అడుగుకి దింపుతారు. దానినుంచి ఒక తాడు నిలువుగా పైకి వస్తుంది, చివర రంగుల బెండు తేలుతూ ఉంటుంది. ఒక్కో పడవకి లైసెన్సుని బట్టి 175 నుంచి 500 బుట్టలు. అంటే నీళ్లలో అన్ని తాళ్లు నిటారుగా నిలబడి ఉంటాయి.

మధ్య కాలిఫోర్నియాలో పీతల సీజను నవంబరు 15న మొదలవ్వాలి. హంప్‌బ్యాక్‌లు చలికాలం గడపడానికి మెక్సికో వైపు పోయే రోజులవి. తాళ్లు దిగేటప్పటికి తిమింగలాలు వెళ్లిపోతుంటాయి, అవి తిరిగొచ్చేసరికి తాళ్లు చాలావరకు తీసేస్తారు. ఎవరూ కూర్చుని రాయని ఒప్పందం అది.

2015లో అది తెగింది. వెచ్చని నీళ్లలో ఒకరకం నాచు విపరీతంగా పెరిగింది. దానిలో డొమోయిక్ ఆమ్లం అనే విషం ఉంటుంది, అది పీతల్లోకి ఎక్కింది. తింటే మనిషి మెదడుకే ముప్పు. సీజను ఆపేశారు. నవంబరు పోయింది, పండగలు పోయాయి, పీతలు శుభ్రపడి అనుమతి వచ్చేసరికి 2016 మార్చి చివరివారం. నెలల తరబడి ఆదాయం లేని జాలర్లు ఉన్న బుట్టలన్నీ ఒక్కసారిగా దింపారు. సరిగ్గా అప్పుడే హంప్‌బ్యాక్‌లు మెక్సికో నుంచి ఆకలితో వచ్చాయి. పైగా తిండి ఉన్నది ఒడ్డు పక్కన, బుట్టలు దిగిన చోట. 2014కి ముందు పశ్చిమ తీరం మొత్తం మీద తిమింగలాలు తాళ్లలో చిక్కుకున్న కబుర్లు ఏడాదికి పది దాకా వచ్చేవి, 2016లో 70 దాటాయి.

చిక్కుకోవడం ఎలా జరుగుతుందో చూడండి. హంప్‌బ్యాక్ నోరు బార్లా తెరిచి నెత్తళ్ల గుంపు మీదకి దూకుతుంది. తాడు నోటి మూలలో పడుతుంది. బెదిరి మెలికలు తిరుగుతుంది. తిరిగిన కొద్దీ తాడు రెక్కలకి, తోకకి చుట్టుకుంటుంది. ఇక ఆ ఇనుప బుట్టని ఈడ్చుకుంటూ వారాలు, నెలలు. తాడు కోసుకుంటూ కండలోకి దిగుతుంది.

పడవలో ఇలాంటిది కనబడితే మనవాళ్లలో ఎవరో ఒకరు "అయ్యో, ఆ బెండు కోసెయ్యండి" అని కెప్టెన్ మీద కేకలేస్తారు. దయచేసి వద్దు! ఆ వేలాడే బెండే రక్షించేవాళ్లకి పట్టు. దానికి ట్రాకర్ కడతారు, పెద్ద పెద్ద బెండ్లు కట్టి తిమింగలాన్ని నెమ్మదింపజేస్తారు, ఆ తర్వాత పొడుగు కర్రకి బిగించిన కొక్కెం కత్తితో బిగుసుకున్న చుట్టుని కోస్తారు. ఆ కత్తికి పదును లోపలి అంచుకే ఉంటుంది, బయటి అంచు మొద్దు, చర్మం తెగకుండా. బయట వేలాడేది మనం కోసేస్తే లోపలి ఉరి అలాగే ఉండిపోతుంది, తిమింగలం మళ్లీ దొరకదు. చెయ్యాల్సింది ఇంతే: కెప్టెన్ వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ చానెల్లో కోస్ట్‌గార్డ్‌కి చెబుతాడు. మీరు బెండు రంగు, దాని మీద అంకెలు, టైము, అది పోతున్న దిక్కు రాసుకోండి, ఫొటోలు తియ్యండి. వీలైతే రక్షణ బృందం వచ్చేదాకా పడవ దూరంగా కాచుకుని ఉంటుంది. మీ మూడు గంటల ట్రిప్పు ఐదు గంటలవుతుంది. కానివ్వండి.

ఆ తర్వాత ఈ తాళ్ల చిక్కుల మీద కోర్టు కేసు నడిచింది, 2019లో రాజీ కుదిరింది, 2020 నవంబరు నుంచి కొత్త నిబంధనలు వచ్చాయి. తీరంలో తిమింగలాలు ఎన్నున్నాయో లెక్కపెట్టి మరీ పీతల సీజను తెరుస్తున్నారు, వసంతంలో ముందే మూసేస్తున్నారు. ఈ మధ్య ఏళ్లలో మీకు థ్యాంక్స్‌గివింగ్‌కి లోకల్ పీత దొరకనిది అందుకే. తాడు అడుగునే చుట్టి ఉండి, పైనుంచి ధ్వని సంకేతం పంపితే విడివడి పైకి తేలే బుట్టలు కూడా పరీక్షించి చూశారు. పనిచేస్తాయి, కానీ ఖరీదు. పీత మానేసిన డబ్బుతో తిమింగలం టికెట్ కొన్నామని సంతోషించే ముందు ఆ జాలరి లెక్క కూడా చూడండి. రెండు వ్యాపారాలూ ఒకే రేవులో, పక్కపక్కనే కట్టిన పడవల్లో.

చీటీ వచ్చింది, ఎనిమిది నిమిషాలున్నాయట. స్లైడ్లు వదిలేస్తున్నాను.

గ్రే వేల్ అనే బూడిదరంగు తిమింగలం సంగతి చెప్పకుండా పోలేను. ఇవి మనకి డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా కనబడేవి. బేరింగ్, చుక్చి సముద్రాల నుంచి మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా మడుగులకి పోయి, పిల్లల్ని కని, మళ్లీ ఉత్తరానికి. రానూపోనూ పదహారు నుంచి ఇరవై వేల కిలోమీటర్లు. దారిలో తిండి దాదాపు ఉండదు, ఉత్తరాన వేసవిలో తిన్నదే. అక్కడ అడుగు బురదలో ఉండే చిన్న పురుగుల్లాంటి యాంఫిపాడ్లని జల్లెడ పట్టి తింటాయి. ఆ యాంఫిపాడ్లకి మేత సముద్రపు మంచు కింద పెరిగి అడుగుకి రాలే నాచు. మంచు తొందరగా కరిగితే ఆ రాలుడు తగ్గుతుంది. నీరు తెరుచుకుని ఉండే రోజులు పెరిగాయి, కంచంలో మాత్రం మెతుకులు లేవు.

కార్మెల్‌కి దక్షిణాన గ్రానైట్ కాన్యన్ అనే చోటా, ఆ చుట్టుపక్కలా 1967 నుంచి బైనాక్యులర్లు పట్టుకుని వీటిని లెక్కపెడుతున్నారు. 2016లో దాదాపు 27,000. 2025 చలికాలపు లెక్కలో 13,000. సగం! అదే ఏడు ఉత్తరానికి పోతూ కనబడిన పిల్లల అంచనా 85. ఆ వసంతంలోనే ఈ బే ఏరియా చుట్టూ ఇరవైకి పైగా చచ్చి కొట్టుకొచ్చాయి. వాటిలో కొన్ని ఓడలు తగిలి పోయాయి. వెనకటి రోజుల్లో ఈ బేలోకి అంతగా రానివి, ఇప్పుడు ఆకలికి ఓడల దారిలోకే వస్తున్నాయి. ఫెర్రీలో వెళ్తూ "అదుగో తిమింగలం!" అని వీడియోలు పంచుకున్నది వాటినే.

హవాయీ వెళ్లినవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. అక్కడి మావీ దీవి దగ్గర 2013 నుంచి 2018 మధ్య తల్లీపిల్లల జంటలు కనబడటం మూడొంతులు తగ్గింది. కారణం హవాయీలో లేదు, ఇదే బ్లాబ్‌తో ఉత్తరాన తిండి పోయింది. ఉత్తర పసిఫిక్ మొత్తంలో హంప్‌బ్యాక్‌లు 2012లో 33,000 పైచిలుకు, 2021కి 26,600 పైచిలుకు. ఈ లెక్క ఎలా తేలిందో తెలుసా? టూరిస్టుల ఫొటోలతో. తోక అడుగున ఉండే నలుపు తెలుపు మచ్చలు, వెనక అంచు గాట్లు ఒక్కో తిమింగలానికి ఒక్కో రకం, మన వేలిముద్రల్లాగా. హ్యాపీవేల్ అనే వెబ్‌సైటుకి జనం పంపినవీ, శాస్త్రవేత్తలు తీసినవీ కలిపి కంప్యూటరుతో పోల్చారు. కాబట్టి యాత్రికుడు పనికిమాలినవాడేం కాదు, ఫొటో సరిగ్గా తీస్తే. ఎదురుగా కాదు, వెనక నుంచి తియ్యాలి. నాలుగైదుసార్లు ఊపిరి వదిలాక వీపు విల్లులా వంచుతుంది, అప్పుడు కెమెరా ఎత్తండి, తోక లేచేది ఆ వెంటనే. షట్టరు సెకనులో వెయ్యో వంతు ఉంటే పడవ ఊగినా ఫొటో నిలుస్తుంది. తేదీ, చోటు రాసి పంపండి.

ఇక పడవ నడిపేవాళ్ల అవస్థ. తిండి కదిలితే తిమింగలం కదులుతుంది. పోయినేడు ఇరవై నిమిషాల్లో కనబడ్డవి ఈ ఏడు రెండు గంటల దూరంలో ఉండొచ్చు. డీజిలు పెరుగుతుంది, మధ్యాహ్నానికి గాలి ముదురుతుంది, సగం దారిలో వెనక్కి తిప్పాల్సి వస్తుంది. దక్షిణ కాలిఫోర్నియాకి నీలి తిమింగలాలు పదేళ్లలో నెలకి పైగా ముందుకి జరిగి రావడం చూశారు. ముద్రించిన క్యాలెండరుని నమ్ముకుని టికెట్లు అమ్మితే ఏమవుతుందో మీరే చెప్పండి. కెనడాలో గ్రాండ్ మానన్ అనే దీవి ఉంది. అక్కడి పడవలు రైట్ వేల్ అనే అరుదైన జాతిని చూపించి బతికేవి. 2010 తర్వాత నీరు వేడెక్కి, వాటి తిండి తగ్గి, అవి సెయింట్ లారెన్స్ గల్ఫ్ వైపు తరలిపోయాయి. అప్పటికి అక్కడ వాటికోసం ఓడల వేగానికి గానీ తాళ్లకి గానీ కట్టుబాట్లు లేవు. 2017లో ఒక్క కెనడా నీళ్లలోనే పన్నెండు చచ్చాయి.

అందుకే "గ్యారంటీ" అని రాసిన టికెట్ చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. గ్యారంటీ అంటే కనబడకపోతే ఇంకోసారి ఉచితంగా తీసుకెళ్తామని, అంతే. మనవాళ్లు దాన్ని కెప్టెన్ మెడ మీద కత్తిలా పెడతారు. కాలిఫోర్నియాలో తిమింగలానికి వంద గజాల దూరంలో ఉండమని మార్గదర్శకం. పక్కగా, అది పోయే వేగంతోనే పోవాలి. ఎదురెళ్లకూడదు, తల్లీపిల్లల మధ్యకి దూరకూడదు. అది తనంతట తాను దగ్గరికొస్తే ఇంజను న్యూట్రల్లో పెట్టి ఆగాలి. ఇవన్నీ పాటించిన కెప్టెన్‌కి "దగ్గరికి తీసుకెళ్లలేదు" అని ఒక్క స్టారు ఇచ్చిన రివ్యూలు తెలుగు పేర్లతో ఉన్నాయి. ఆకలితో ఉన్న జంతువు తినే పది నిమిషాలు మన సెల్ఫీకోసం పాడుచేస్తే, ఆ తిండి దానికి మళ్లీ దొరక్కపోవచ్చు. ఈసారి రివ్యూ రాసేటప్పుడు కెప్టెన్ ఎంత దూరం పాటించాడో రాయండి. పడవలు నడిపేవాళ్లు ఆ రివ్యూలు చదువుతారు.

కార్యదర్శిగారు లేచి నిలబడ్డారు. వస్తున్నా వస్తున్నా, వాంతుల దగ్గరికి.

ఆగస్టు అని చొక్కా ఒకటే వేసుకుని రాకండి. నీరు పన్నెండు పదిహేను డిగ్రీలుంటుంది, పొద్దున మంచు పొగ. మూడు పొరలు వేసుకోండి, పైది గాలి దూరనిది. పిల్లలకి టోపీ. వాంతులు రాకుండా వేసుకునే మెక్లిజిన్ మాత్ర పడవెక్కాక వేసుకుంటే లాభం లేదు, గంట ముందే వేసుకోవాలి. పిల్లలకి, గర్భిణులకి డాక్టర్ని అడక్కుండా ఇవ్వద్దు. ఖాళీ కడుపుతో రావద్దు, నిండా తినీ రావద్దు. రెండు ఇడ్లీలు చాలు. కడుపులో తిప్పితే లోపలి గదిలోకి పోయి పడుకోకండి, వెనక భాగంలో నిలబడి దూరంగా గీతలా కనబడే అంచుని చూడండి. ఫోన్లోకి చూశారా, అయిపోయారు. వాంతి వస్తే గాలి పోయే వైపు కమ్మీ దగ్గరికి వెళ్లాలి, గాలికి ఎదురుగా కాదు, పక్కన అత్తగారుండొచ్చు.

పులిహోర పొట్లాలు బస్సులోనే వదిలెయ్యండి, తిరుగు ప్రయాణానికి. ఆ కరపత్రం రెండోసారి అచ్చు వేస్తున్నారట కదా, నేను చెప్పిన ఆ వాక్యం తీసేస్తారా లేదా, అది చెప్పండి ముందు.