కార్డు మీది జవాబు

సభకు నమస్కారం. ఈ క్విజ్ పోటీలను ప్రారంభించేందుకు నన్ను పిలిచిన ప్రధానోపాధ్యాయులకు, ఉపాధ్యాయులకు కృతజ్ఞతలు. బల్లల దగ్గర కూర్చున్న పిల్లల చూపంతా బెల్లుల మీదే ఉందని నాకు తెలుసు. ఒకప్పుడు నేనూ ఆ బల్ల వెనక కూర్చున్నవాణ్ణే కాబట్టి, మిమ్మల్ని ఎక్కువసేపు నిలపకుండా ఆనాటి సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను.

1991-92 విద్యా సంవత్సరంలో, కృష్ణా డెల్టాలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల క్విజ్ జట్టులో నేనొకణ్ణి. పదో తరగతి నుంచి నేను, నాతో చదివే ఒక అమ్మాయి, తొమ్మిదో తరగతి కుర్రవాడు ఒకడు, మొత్తం ముగ్గురం. అప్పటికి మన దేశానికి క్విజ్ కొత్తదేమీ కాదు. 1967లో కలకత్తాలో నీల్ ఓబ్రయన్ బహిరంగ క్విజ్‌కు శ్రీకారం చుట్టారు. 1972లో హైదరాబాదులో కె-సర్కిల్ అనే క్విజ్ సంఘం ఏర్పడింది. 1985లో దూరదర్శన్‌లో సిద్ధార్థ బసు మొదలుపెట్టిన క్విజ్ కార్యక్రమాన్ని, ఊళ్లో టీవీ ఉన్నవారి వసారాలో చాపల మీద కూర్చుని మేమూ చూశాం. కానీ అదంతా ఇంగ్లీషులో సాగేది. తెలుగు మీడియం వాళ్లం మేము ప్రశ్నను కూడబలుక్కునేలోపే అక్కడ జవాబు చెప్పడం, చప్పట్లు కొట్టడం కూడా అయిపోయేవి.

మాకున్న ఆధారాలు మూడే మూడు: ఆకాశవాణి వార్తలు, గ్రంథాలయానికి వచ్చే దినపత్రిక, మా సోషల్ మాస్టారు ఎవరినో అడిగి తెచ్చిన నిరుటి ఇయర్ బుక్. వీటిలో దొరికిన ప్రతి విషయాన్నీ రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్‌లో ఎక్కించేవాళ్లం. దానికి వేసిన అట్ట 'సోవియట్ భూమి' పత్రికలోని నున్నటి కాగితం. ఆ రోజుల్లో ఆ కాగితం దొరికిన పుస్తకానికి తరగతిలో ప్రత్యేక గౌరవం ఉండేది. మాస్టారు పెట్టిన నియమం ఒకటి మాత్రం మాకు పరమ విసుగు పుట్టించేది. జవాబు రాస్తే చాలదు, ఎదురుగా మార్జిన్‌లో అది ఎక్కడ దొరికిందో, ఏ నెలలో రాసుకున్నామో కూడా రాయాలి. ఎర్ర సిరాతో గీసిన ఆ మార్జిన్‌లో ఇరికించి రాయలేక మా అమ్మాయి అక్షరాలు చీమల బారులా తయారయ్యేవి.

1992 జనవరిలో జిల్లా కేంద్రంలో పోటీ జరిగింది. హిందీ టీచరుగారు వెంట వస్తానన్న తర్వాతే ఆ అమ్మాయిని వాళ్ల ఇంట్లో పంపించారు. లేకపోతే మేం ఇద్దరమే వెళ్లవలసి వచ్చేది, మొదటి రౌండులోనే తిరిగి వచ్చేవాళ్లం కూడా. ప్రతి జట్టు ముందూ చెక్క పలకకు బిగించిన కాలింగ్ బెల్ స్విచ్చి పెట్టారు. మాది కాస్త గట్టిగా నొక్కితే గాని మోగేది కాదు. రాజధానుల రౌండులో బుర్కినా ఫాసో రాజధాని ఏదని అడిగారు. ఇయర్ బుక్‌లో ఇంగ్లీషు అక్షరాలు చూడడమే తప్ప ఆ పేరు పలకగా మేం ఏనాడూ వినలేదు. అందుకే మా అమ్మాయి కనిపించిన అక్షరాలను ఒక్కటీ వదలకుండా 'ఔగడౌగౌ' అని చదివింది. హాలంతా గొల్లుమంది. ప్రశ్నలు అడిగే పెద్దమనిషి కూడా నవ్వి, 'వాగడూగూ' అని సరిదిద్ది, మార్కులు మాత్రం ఇచ్చారు. అందుకు ఆయన పట్ల నాకు ఇప్పటికీ గౌరవమే.

ఆఖరి రౌండులో, విస్తీర్ణంలో ప్రపంచంలోకెల్లా పెద్ద దేశం ఏదని ఆయనే అడిగారు. మా తొమ్మిదో తరగతివాడు పలక అదిరేలా స్విచ్చి నొక్కి 'రష్యా' అన్నాడు. మన ఊళ్లలో సోవియట్ యూనియన్ మొత్తాన్నీ రష్యా అనే వాడుక ఉండడం వల్ల కాబోలు, ఆయన పూర్తి పేరు చెప్పమన్నారు. 'రష్యా ఒక్కటేనండీ, సోవియట్ యూనియన్ లేదు కదండీ, రేడియోలో చెప్పారండీ' అన్నాడు వాడు. ఆయన కార్డు వంక చూశారు, మా వంక చూశారు, మళ్లీ కార్డు వంక చూసి, ప్రశ్నను పక్క జట్టుకు పంపారు. వాళ్లు 'సోవియట్ యూనియన్' అని చెప్పి ఐదు మార్కులు తీసుకున్నారు. అప్పటికి సోవియట్ యూనియన్ ఆఖరి అధ్యక్షుడు గోర్బచెవ్ రాజీనామా చేసి, ఆ దేశం విడిపోయి నెల కూడా కాలేదు. మూడు మార్కుల తేడాతో మాకు రెండో స్థానం, తలా రెండు స్టీలు గ్లాసులు వచ్చాయి.

తిరుగు ప్రయాణంలో బస్సులో వాడు ఏడుపు ఆపుకోలేకపోయాడు. మాస్టారు పైవారిని ఒక్క మాట అనకుండా, మా నోట్‌బుక్ అడిగి తీసుకుని భూగోళం పేజీ తెరిచారు. అక్కడ మా చేతిరాతతోనే 'సోవియట్ యూనియన్' అని ఉంది. మార్జిన్‌లో 'ఇయర్ బుక్, 1991 జూన్'. దాన్ని కొట్టివేయాలని మా ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. 'వాళ్ల కార్డు మీద తేదీ లేదురా, మీ పుస్తకంలో ఉంది, తేడా అంతే' అన్నారాయన. ఆ మాటతో అప్పుడు మాకు ఓదార్పు కలగలేదు సరికదా, ఆయన అవతలివాళ్ల పక్షం మాట్లాడుతున్నారని కోపం వచ్చింది.

ఆ నోట్‌బుక్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ప్రపంచంలో అతి పొడవైన రైల్వే ప్లాట్‌ఫారం ఖరగ్‌పూర్‌లో ఉందని అందులో రాసుకున్నాం. 2013లో ఆ పేరు గోరఖ్‌పూర్‌కు, 2023లో 1,507 మీటర్ల ప్లాట్‌ఫారంతో హుబ్బళ్లికి దక్కింది. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 23 అన్న జవాబు సంగతి ఇక్కడున్న ఐదో తరగతి పిల్లలను అడిగినా చెబుతారు. ఇవి రాసుకున్న రోజున నిజమై, తర్వాత కాలం చెల్లిన జవాబులు. వీటితో నాకు పేచీ లేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది మరో పేజీ. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' విడుదల తేదీ 1931 సెప్టెంబరు 15 అని రాసుకుని, ఎన్నో పోటీల్లో అదే చెప్పి మార్కులు తెచ్చుకున్నాం. చాలా ఏళ్ల తర్వాత పాత్రికేయులు రెంటాల జయదేవ పాత ఆధారాలు వెతికి తీసి, ఆ చిత్రం 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందని నిరూపించారు. అంటే మా జవాబుకు కాలం చెల్లలేదు, అది రాసుకున్న రోజునే తప్పు. మార్జిన్‌లో తేదీ ఉన్నా దాన్ని పట్టుకోలేం. ఎక్కడ దొరికిందో రాసుకోమన్న మాస్టారి నియమంలో మొదటి సగం ఎందుకో నాకు అప్పుడు తెలిసివచ్చింది. ఆ పేజీలో మూలం ఉండవలసిన చోట మా అమ్మాయి చీమల బారు అక్షరాలు 'అందరూ అంటారు' అని ఉన్నాయి.

అందువల్ల ఈ రోజు పోటీకి ప్రశ్నలు తయారు చేసిన ఉపాధ్యాయులను ఒక కోరిక కోరాను. వారు ఓపికగా మన్నించారు. ప్రతి కార్డు అడుగున జవాబు ఎక్కడిదో, దాన్ని ఎప్పుడు సరిచూశారో రాసి ఉంది. జవాబు మీద అభ్యంతరం ఉన్న పిల్లలు కిటికీ పక్కన ఉన్న బల్ల దగ్గరకు వెళ్లి చెప్పవచ్చు. అక్కడ సోషల్ టీచరుగారు ఉంటారు. అభ్యంతరం చెప్పినందుకు మార్కులు తగ్గించరు.

ఇక స్విచ్చులు ఒకసారి చూసుకుందాం. ఎడమ వైపు చివరి జట్టు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరూ నొక్కండి. మోగనివాళ్లు ఇప్పుడే చెయ్యెత్తండి.