వేలెడు నేల కొనకుండా

అందరికీ నమస్కారం. కరపత్రంలో "ఇండోనేషియా పల్లెలో కాపురం, పెట్టుబడి" అని వేశారు. ఇందాక బయట టీ తాగుతుంటే ఒకాయన దగ్గరికొచ్చి, "సార్, అక్కడ సెంటు ఎంత పలుకుతోంది?" అని అడిగారు. ఆయన రెండో వరుసలోనే కూర్చున్నారు. అక్కడ మీకు సెంటు కాదు కదా, వేలెడు నేల కూడా ఎవరూ అమ్మరండీ. అమ్ముతామని ఎవరైనా వస్తే జాగ్రత్తపడండి. నేను పడలేదు. ఆ కథ తర్వాత చెప్తాను.

నేను రైతును కాదు. జావాలో పుర్వకర్తా దగ్గర ఒక నూలు మిల్లులో మెయింటెనెన్స్ చూసేవాణ్ణి. ఆ ప్రాంతపు బట్టల మిల్లుల్లో మనవాళ్లు బాగానే ఉంటారు. నా షిఫ్టులో ఫ్లోరెస్ దీవి కుర్రాడొకడు ఉండేవాడు. ఒక క్రిస్మస్ సెలవులకి "పాక్, మా ఊరు రండి" అని పట్టుబట్టి తీసుకెళ్లాడు. పాక్ అంటే అయ్యగారు అన్నట్టు. బాలి దాటి, లొంబొక్ దాటి, సుంబావా దాటితే ఫ్లోరెస్. పడమటి కొసన లబువాన్ బాజో. కొమోడో బల్లుల్ని చూడ్డానికి పడవలు అక్కణ్ణుంచే వెళ్తాయి. అక్కణ్ణుంచి ఘాటు రోడ్డు మీద నాలుగు గంటలు పోతే రుతెంగ్. అది మంగ్గరాయ్ కొండల్లో చలి ఊరు. ఆ పైన రెండు గంటలు "ఓతో కోల్". అదో లారీ. వెనక చెక్క బల్లలు బిగించి ఉంటాయి. మన పక్కనే పందిపిల్ల, బియ్యం బస్తా, కాళ్ల దగ్గర డీజిల్ క్యాన్. పాటలు మాత్రం చెవులు పగిలేలా పెడతారు.

ఊళ్లోకి అడుగు పెట్టగానే ఒక పెద్దాయన తెల్ల కోడిపుంజును, సీసాలో తువాక్‌ను పట్టుకొచ్చి ఎదురుగా కూర్చున్నాడు. తువాక్ అంటే మన కల్లే. ఆయన పది నిమిషాలు ఆగకుండా ఏదో చెప్పాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. కుర్రాడు నా చెవిలో, "నువ్వెవరివో, ఎందుకొచ్చావో అడుగుతున్నాడు. సీసా తాకి, చెప్పు" అన్నాడు. చూడ్డానికి వచ్చానన్నాను. ఆ మాట ఊళ్లో ఇప్పటికీ నా మీద జోకు. పదేళ్లుగా చూస్తూనే ఉన్నాడు అంటారు.

మర్నాడు కొండ మీదికి తీసుకెళ్లి పొలాలు చూపించారు. చంచార్ దగ్గర ఇవే వరి మళ్లను టూరిస్టులు ఫొటోలు తీసుకుంటారు, సాలెగూడులా ఉంటాయని. అక్కడ ఊరుమ్మడి భూమిని లింగ్కో అంటారు. దాని నడిమధ్యన తెనో అనే చెట్టు కర్ర పాతుతారు. ఆ చోటు పేరు లోదొక్. కర్ర చుట్టూ వేళ్లు ఆనించి వాటాలు కొలుస్తారు. ఒక ఇంటికి రెండు వేళ్లు, పెద్ద ఇంటికి మూడు వేళ్లు, ఇలా. అక్కణ్ణుంచి అంచుదాకా గీతలు లాగుతారు. మధ్యలో వేలెడు తేడా, పొలం చివరికొచ్చేసరికి పెద్ద మడంత తేడా. ఈ వేలి కొలతను వాళ్లు "మోసో" అంటారు. పేరు అలా ఉంది గానీ మోసమేమీ లేదు. పంపకం చేసే పెద్దను తువా తెనో అంటారు. "గెందాంగ్న్ ఒనే, లింగ్కొన్ పెఆంగ్" అని వాళ్ల సామెత: డప్పుల ఇల్లు లోపల, పొలం బయట. ఊరి ఉమ్మడి ఇంట్లో డప్పు వేలాడదీసిన వంశానికే బయటి పొలంలో వేలు పెట్టే హక్కు. ఆ ఇల్లు లేకుండా ఈ పొలం లేదు.

ఇదంతా పాతకాలపు ముచ్చట, సర్కారు చట్టం వేరే ఉంటుంది కదా అంటారా? ఉంది. అది ఇంకా గట్టిది. 1960 నాటి భూమి చట్టంలో 21వ సెక్షన్ ప్రకారం పూర్తి యాజమాన్యం, అంటే "హక్ మిలిక్", ఇండోనేషియా పౌరులకే. (హక్ అంటే మన హక్కే. ఇద్దరికీ అరబ్బీ నుంచే వచ్చింది.) విదేశీయుడికి నివాస పర్మిట్ ఉంటే "హక్ పకాయ్" అని వాడుకునే హక్కు ఇస్తారు. 2021 నిబంధనల్లో అది 30 ఏళ్లు, ఆపైన 20, మళ్లీ 30. లేదంటే కౌలు. కంపెనీ పెడతానంటే భూమి, భవనాల విలువ కాకుండా 1,000 కోట్ల రూపియాలకు పైగా పెట్టుబడి చూపించాలి. కంగారు పడకండి. మన రూపాయికి వాళ్ల రూపియాలు 190 దాకా వస్తాయి. అంటే అయిదు కోట్లపైన. కాఫీ గింజలు ఎండబెట్టుకునే పల్లెకి అదీ ఎక్కువే.

ఇక్కడే దళారులు దిగుతారు. "పాక్, నా పేరు మీద కొందాం, డబ్బు మీది, లోపల వేరే కాగితం రాసుకుందాం." మనకి ఈ మాట బాగా తెలుసు, బినామీ. మన ఏజెన్సీలో గిరిజనుల భూమి ఇతరులు కొనకూడదన్న 1/70 చట్టం వచ్చాక ఎంతమంది ఇలా చేశారో మన్యం వైపు వాళ్లనడగండి. ఇండోనేషియా చట్టంలో 26వ సెక్షన్ సూటిగా చెప్తుంది. నేరుగా గానీ దొడ్డిదారిన గానీ విదేశీయుడికి భూమి చేరితే ఆ లావాదేవీ చెల్లదు, భూమి ప్రభుత్వానికి పోతుంది, ఇచ్చిన డబ్బు తిరిగి అడగడానికి లేదు. ఒకే దెబ్బకి మూడూ.

ఇది నేను చదివింది డబ్బు కట్టాక. లబువాన్ బాజోలో ఎయిర్‌పోర్టు పెద్దదయ్యి, హోటళ్లు లేస్తున్న రోజులు. సముద్రం కనిపించే ముక్క, "డీపీ" కట్టేయండి అన్నారు. నాలుగు కోట్ల రూపియాలు, అంటే మన రెండు లక్షల పైచిలుకు, అడ్వాన్సు ఇచ్చాను. నెల తిరక్కముందే అదే ముక్కకి ఇంకో కుటుంబం హక్కుదారులుగా తేలింది. తాతల నాటి పంపకం కాగితం ఒకరి దగ్గర, ఊరి పెద్ద నోటిమాట ఇంకొకరి దగ్గర. దళారి ఫోను ఎత్తడం మానేశాడు. ఎవరి మీద కేసు పెట్టను? పెడితే ముందు దొరికేది నేనే. మా ఆవిడ ఇప్పటికీ బీచి ఫొటో కనబడితే "అది మనదే కదూ" అంటుంది.

భూమి విషయంలో వాళ్లు ఎంత పట్టుదలగా ఉంటారో ఒక్క సంగతి చెప్పి ముందుకెళ్తాను. ఇప్పటి తూర్పు మంగ్గరాయ్‌లో చోలోల్ అనే కాఫీ ఊళ్లున్నాయి. అవి రక్షిత అడవి హద్దులోకి వస్తాయని 2003లో ప్రభుత్వం కాఫీ చెట్లు నరికించింది. మాది తాతల నాటి తోట అని వాళ్లు వాదించారు. 2004 మార్చిలో రుతెంగ్‌కి వచ్చి నిలదీస్తే పోలీసులు కాల్చారు. ఆరుగురు రైతులు చనిపోయారు. అలాంటి చోట మీరు గూగుల్ మ్యాపులో గీత గీసి "ఇది నాది" అంటే ఎలా ఉంటుందో చూసుకోండి.

సరే, భూమి లేదు. మరి డబ్బు ఎక్కడ పెట్టాలి? నాకు దారి దొరికింది ఒక వర్షం రోజున. మంగ్గరాయ్‌లో వాన ఎప్పుడు పడుతుందో దేవుడికే తెలియాలి. ఆడవాళ్లు టార్పాలిన్ మీద పోసిన పార్చ్‌మెంట్ కాఫీని, అంటే పై పొట్టు ఇంకా తీయని గింజల్ని, లోపలికి, బయటికి, రోజుకి నాలుగుసార్లు మోస్తున్నారు. అక్కడ గింజను పూర్తిగా ఎండనివ్వకుండా పచ్చి మీదే పై పొట్టు తీసేస్తారు. తర్వాత మళ్లీ ఎండాలి. సగం తడితో మూట కడితే బూజు వాసన. ఆ వాసన వచ్చిందంటే వ్యాపారి ముక్కు చిట్లించి ధర సగం చేస్తాడు. దానికి ముందే "ఇజోన్" ఒకటి. ఇజో అంటే పచ్చ. కాయ పచ్చిగా ఉండగానే అప్పు ఇచ్చి, పంటను అప్పటి చవక ధరకే రాయించుకుంటారు. పిల్లల ఫీజు కట్టే నెల, కాయ పండే నెల ఒకటి కావు కదా. ఇక్కడ చేలో పంటను ముందే రాసిచ్చేవాళ్లకి ఇది వివరించనక్కర్లేదు.

నాకు తెలిసిందల్లా యంత్రాలు. కాఫీ పండు తొక్క తీసే పల్పరు ఒకటి, దానికో ఇంజను, పైన ప్లాస్టిక్ కప్పిన ఎండబెట్టే షెడ్డు. మొత్తం ఆరు కోట్లు పెట్టాను. రూపియాలు లెండి, మూడు లక్షల చిల్లర. యంత్రం నా పేరున లేదు, రైతు సంఘం పేరున ఉంది. నాది అప్పు. ఏటా ఇంత గింజ అని కాగితం మీద రాసి, 10,000 రూపియాల స్టాంపు అంటించి, గ్రామ పెద్ద ముందు సంతకాలు. గ్రామ పెద్ద అంటే "కెపాలా దేసా". ఆయన ఎన్నికైనవాడు. 2024లో వాళ్ల పదవీకాలాన్ని ఆరేళ్ల నుంచి ఎనిమిదేళ్లకు పెంచారు. దేసా మన దేశమే, కానీ అక్కడ దేశమంటే ఊరు. అయితే ఆయన సంతకం ఒక్కటే చాలదు. తువా తెనో కూడా కల్లు సీసా ముట్టాలి. ఒకాయన కాగితానికి, ఇంకొకాయన మాటకి. ఇంకో మాట. నా పర్మిట్ మిల్లు ఉద్యోగానికి మాత్రమే. ఊళ్లో నేను మర తిప్పినా తప్పే. అందుకే వెళ్లినప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి సలహాలిస్తాను. మెకానిక్కుకి అంతకంటే నరకం లేదు.

లాభమెంత అని అడుగుతారు. మొదటి ఏడాది సున్నా. ఆరేడు కిలోల పండుకి కిలో గింజ వస్తుంది. ఆ ఏడు పండే తక్కువ. రెండో ఏడు బాగుంది. మూడో ఏడు సంఘంలో గొడవలొచ్చి షెడ్డుకి తాళం పడింది. అసలు ఇంకా పూర్తిగా రాలేదు.

కానీ ఖర్చు ఒకటుంది, దాన్ని ఏ బిజినెస్ ప్లానులోనూ రాయరు. ఊళ్లో పిల్లో పిల్లాడో కాలేజీకి వెళ్తుంటే "వువాత్ వాయి" చేస్తారు. మాటకి అర్థం అచ్చంగా మన దారిబత్తెం. టెంటు వేస్తారు, పంది కోస్తారు, వచ్చినవాళ్లంతా కవరు ఇవ్వాలి. ఒకాయన బల్ల దగ్గర కూర్చుని పేరు, మొత్తం నోటుపుస్తకంలో రాస్తాడు. మన పెళ్లిలో చదివింపుల పుస్తకమే. తేడా ఏంటంటే ఇక్కడ చదివింపులు నిజంగా చదువుకే. రేపు వాళ్ల పిల్లకి మనం అంతకి తగ్గకుండా పెట్టాలి. కాలేజీలు తెరిచే రోజుల్లో వారానికొకటి. మొదటిసారి నేను విదేశీయుణ్ణని లక్ష రూపియాలు ఎక్కువ పెట్టాను. కుర్రాడి వాళ్లమ్మ నన్ను పక్కకి పిలిచి తిట్టింది. "అంత పెడితే రేపు నీకు వాళ్లెలా తిరిగి పెడతారు?" అని. నాకు పెట్టే అవసరం రాదనుకున్నాను. ఆవిడ నన్ను లెక్కలో వేసుకుందని ఇంటికొచ్చాక గానీ వెలగలేదు.

టైమైందంటున్నారు. ప్రశ్నలుంటే బయట మాట్లాడుకుందాం. రెండో వరుసలో అయ్యా, మీరు కూడా. వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాను. షెడ్డు తాళం తీశారట, పల్పరు బెల్టు తెగిందట. ఆ సైజు రుతెంగ్‌లో దొరకలేదని ఫోటో పంపారు. పొద్దున రాణీగంజ్‌లో నాలుగు కొన్నాను. మావిడ ఆవకాయ జాడీ కూడా పెట్టమంటోంది. బెల్టులు ఉంచాలా, జాడీ ఉంచాలా అన్నది బరువు తూచాక తేల్చుకోవాలి.